మీకు తెలుసా? ఇంట్లో ఫైలు ఇల్లు దాటక్కర్లేదు

పెళ్లి ఫోటోలు కంప్యూటర్లో ఉన్నాయి. వాటిని చూడాలనుకునే అమ్మమ్మ చేతిలో ఫోను ఉంది. మధ్య దూరం మహా అయితే ఒక గది. ఆ గది దాటించడానికి మనలో చాలామందిమి ఫోటోని వాట్సాప్‌లో పంపుతాం, లేదంటే క్లౌడ్‌లోకి ఎక్కించి మళ్లీ ఫోన్లోకి దించుకుంటాం. పక్క గదికి వెళ్లాల్సిన బొమ్మ ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ దాకా పోయి తిరిగి వస్తుందన్నమాట. పోనీ వచ్చేది అసలు ఫోటోనేనా అంటే అదీ కాదు. వాట్సాప్ మామూలుగా ఫోటోని కుదించి పంపుతుంది. డాక్యుమెంట్‌గా జత చేస్తే తప్ప అసలు నాణ్యత రాదు.

ఇంత తిరుగుడు అక్కర్లేదు. ఇంట్లో వైఫై రౌటర్ ఉందంటే మీకొక సొంత నెట్‌వర్క్ ఉన్నట్టే. కంప్యూటర్లోని ఫోల్డర్‌ని అదే ఇంట్లోని ఫోన్లోనో ట్యాబ్‌లోనో నేరుగా తెరవొచ్చు. కొత్తగా కొనాల్సింది ఏదీ లేదు. ఈసారి ముచ్చట్లన్నీ దాని గురించే.

రీఛార్జ్ అయిపోయినా పనిచేస్తుంది

రౌటర్ చేసే పనులు రెండు. బయటి ఇంటర్నెట్‌ని ఇంట్లోకి తేవడం ఒకటి, ఇంట్లో ఉన్న పరికరాలను ఒకదానితో ఒకటి కలపడం రెండోది. రెండో పనికి మొదటి దానితో సంబంధం లేదు. వీధిలో ఫైబర్ తెగినా, నెల ప్యాక్ అయిపోయినా, రౌటర్‌కి కరెంటు ఉంటే చాలు. కంప్యూటర్లోని సినిమా ఫోన్లో ఆడుతుంది. మీ డేటాలో ఒక్క ఎంబీ కూడా ఖర్చు కాదు, ఎందుకంటే ఆ ఫైలు రౌటర్ దాటి బయటికి పోదు.

ఒక్క జాగ్రత్త ఉంది. ఇంటర్నెట్ రాని వైఫైని చూడగానే చాలా ఫోన్లు దాన్ని వదిలేసి మొబైల్ డేటాకి మారిపోతాయి. “ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, అయినా కొనసాగాలా?” అన్న అర్థంలో ఒక ప్రశ్న వస్తుంది. అవునని నొక్కాలి.

బ్రాడ్‌బ్యాండ్ లేని ఇళ్లలోనూ దారి ఉంది. ఒక ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌ని దానికి కలపండి. అదే మీ నెట్‌వర్క్. ఫైలు ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌కి వచ్చేటప్పుడు మొబైల్ డేటా పైసా ఖర్చు కాదు. అయితే అదే సమయంలో ల్యాప్‌టాప్ తన అప్‌డేట్ల కోసం మీ డేటాని వాడుకునే అవకాశం ఉంది కాబట్టి, ఆండ్రాయిడ్ ఫోన్లో అయితే మొబైల్ డేటా ఆపేసి హాట్‌స్పాట్ మాత్రమే ఉంచడం మేలు. పల్లెలో తాతగారింటికి వెళ్లినప్పుడు ఇది బాగా పనికొస్తుంది.

192.168 ఎక్కడ చూసినా ఎందుకుంటుంది?

మీ కంప్యూటర్ చిరునామా చూస్తే బహుశా 192.168.1.5 లాంటిదేదో కనిపిస్తుంది. మీ పక్కింటి వాళ్ల కంప్యూటర్‌కీ అచ్చం అదే అంకె ఉండొచ్చు. ప్రతి వీధిలోనూ ఒక అయిదో నంబరు ఇల్లున్నట్టే ఇది. ఇంట్లో, ఆఫీసులో వాడుకోవడానికి కొన్ని అంకెల వరసలను 1996 ఫిబ్రవరిలో ఒక ప్రమాణపత్రం పక్కన పెట్టింది. దాని పేరు ఆర్ఎఫ్‌సీ 1918. 192.168తో మొదలయ్యే 65,536 చిరునామాలు అందులోవే. 10తో మొదలయ్యే వరస ఇంకా పెద్దది, కోటీ అరవై ఏడు లక్షలకు పైనే. ఈ చిరునామాలకు బయటి ఇంటర్నెట్‌లో దారి ఉండదు. వీధిలో నిలబడి 192.168.1.5 అని కొట్టినా ఎవరూ మీ ఇంటికి చేరుకోలేరు. మీ వైఫై పాస్‌వర్డ్ తెలిసినవాళ్లకే ఆ అంకెకు అర్థం ఉంటుంది.

విండోస్‌లో మీ అంకె తెలుసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ ఆదేశం ఇవ్వండి. ఐపీవీ4 అడ్రస్ అన్న వరసలో కనిపిస్తుంది.

ఒక విద్యార్థి కుతూహలం

కంప్యూటర్ తన ఫోల్డర్‌ని ఇంకొకరికి చూపించడానికి ఒక భాష కావాలి. విండోస్ వాడే భాష పేరు ఎస్ఎంబీ, అంటే సర్వర్ మెసేజ్ బ్లాక్. 1983 ప్రాంతంలో ఐబీఎంలో పనిచేస్తున్న బ్యారీ ఫైగెన్‌బామ్ దీనికి రూపమిచ్చారు. తర్వాత మైక్రోసాఫ్ట్ దాన్ని అందుకుని పెంచింది. చాలాకాలం దాని లోపలి వివరాలు బయటివాళ్లకు పూర్తిగా అందుబాటులో లేవు. విండోస్ కాని కంప్యూటర్‌కి ఆ ఫోల్డర్లు సరిగా అందేవి కావు.

ఇక్కడ కథ ఆస్ట్రేలియాకి మారుతుంది. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి ఉండేవాడు. తన పీసీ నుంచి యూనిక్స్ యంత్రంలోని ఫైళ్లు చూడాలన్నది అతని అవసరం. 1991 చివర్లో అతను కేబుల్‌లో పోతున్న సమాచారాన్ని పట్టి చూసి, ఏ ప్రశ్నకు ఏ జవాబు వస్తోందో గమనించి, అదే తీరులో జవాబిచ్చే ప్రోగ్రామ్ రాశాడు. తాను పట్టుకున్నది ఎస్ఎంబీ అని అప్పటికి అతనికి తెలియదు! 1992 జనవరిలో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. తర్వాత పేరు మార్చాల్సి వచ్చింది. అప్పటిదాకా వాడుతున్న పేరుపై ఒక కంపెనీకి హక్కులున్నాయి. నిఘంటువు ఫైలులో ఎస్, ఎం, బీ అక్షరాలు అదే వరసలో వచ్చే మాటల కోసం వెతికితే బ్రెజిల్ నృత్యం పేరు దొరికింది. అలా అది సాంబా అయింది.

ఇంట్లో పెట్టుకునే నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెలు, యూఎస్‌బీ పోర్టు ఉన్న రౌటర్లు చాలా వరకు ఇప్పటికీ సాంబానే నడుపుతాయి. రౌటర్ వెనుక పెన్‌డ్రైవ్ గుచ్చితే ఆ ఫైళ్లు ఫోన్లో కనిపించడం వెనుక ఉన్నది ముప్ఫై ఏళ్ల కిందటి ఆ విద్యార్థి పనే. డబ్బు అడగకుండా ఇచ్చిన ఇలాంటి పనుల మీదే మన ఇళ్లలోని కంప్యూటర్లు ఎంతగా ఆధారపడి ఉన్నాయో తలచుకుంటే గౌరవం కలుగుతుంది.

చేసే పద్ధతి

కంప్యూటర్లో షేర్ చేయాలనుకున్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. షేరింగ్ ట్యాబ్‌లో షేర్ నొక్కి, ఎవరికివ్వాలో ఎంచుకోండి. ‘రీడ్’ అంటే చూడటం వరకే. ‘రీడ్, రైట్’ అంటే మార్చొచ్చు, తొలగించొచ్చు కూడా. ఫోటోలకి, సినిమాలకి రీడ్ చాలు. చిన్నపిల్లల చేతిలోకి వెళ్లే ఫోన్‌కి తొలగించే హక్కు ఇవ్వకండి. ఇంకొకటి, సీ డ్రైవ్ మొత్తాన్ని ఎప్పుడూ షేర్ చేయొద్దు. ‘ఇంటి ఫోటోలు’ అని ఒక ఫోల్డర్ పెట్టుకుని దాన్నొక్కదాన్నే ఇవ్వండి.

ఆ తర్వాత వైఫై సెట్టింగ్స్‌లో మీ ఇంటి నెట్‌వర్క్ పబ్లిక్‌గా ఉందో ప్రైవేట్‌గా ఉందో చూసుకోండి. కొత్త వైఫైకి కలిసినప్పుడు విండోస్ దాన్ని పబ్లిక్‌గా భావించి తలుపులు మూసేస్తుంది. ఇంటి వైఫై వరకు ప్రైవేట్‌కి మార్చాలి. ‘అన్నీ సరిగ్గానే చేశాం, అయినా కనిపించడం లేదు’ అనేవాళ్లు ముందుగా చూడాల్సిన చోటు ఇదే.

ఫోన్ వైపు సంగతి. ఐఫోన్‌లో 2019లో వచ్చిన ఐఓఎస్ 13 నుంచి ఈ సదుపాయం లోపలే ఉంది. ఫైల్స్ యాప్‌లో మూడు చుక్కలు నొక్కితే ‘కనెక్ట్ టు సర్వర్’ వస్తుంది. అక్కడ మీ కంప్యూటర్ అంకె ఇవ్వాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఇది పుట్టుకతో రాదు, యాప్ వేసుకోవాలి. సీఎక్స్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్, సాలిడ్ ఎక్స్‌ప్లోరర్, మెటీరియల్ ఫైల్స్ లాంటివి ఉన్నాయి. సినిమాలకే అయితే వీఎల్‌సీ ఒక్కటి చాలు.

పిన్ కొడితే ఎందుకు తెరుచుకోదు?

ఎక్కువమంది చివరి మెట్టు మీద ఆగిపోయేది ఇక్కడే. రోజూ ల్యాప్‌టాప్ తెరిచే నాలుగంకెల పిన్‌నే ఫోన్లో అడిగిన చోట కొడతారు. అది చెల్లదు. ఆ పిన్ ఆ ఒక్క యంత్రం ముందు కూర్చున్నవాళ్లకే పనిచేసేలా తయారైంది, నెట్‌వర్క్ మీద దానికి విలువ లేదు. ఫోన్ అడిగేది అసలు అకౌంట్ పాస్‌వర్డ్. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాళ్లు యూజర్ నేమ్‌గా ఈమెయిల్ ఇవ్వాలి, పాస్‌వర్డ్‌గా ఆ అకౌంట్‌ది ఇవ్వాలి.

ఈమెయిల్ పాస్‌వర్డ్‌ని ఇంట్లో ప్రతి ఫోన్‌లోనూ దాచిపెట్టడం నాకు నచ్చని పని. దానికంటే కంప్యూటర్లో విడిగా ఒక లోకల్ యూజర్‌ని సృష్టించి, దానికి పాస్‌వర్డ్ పెట్టి, షేర్ ఫోల్డర్‌ని ఆ యూజర్‌కే ఇవ్వడం మంచిది. పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా రావొచ్చని తెరిచిపెట్టే పాత పద్ధతి ఇప్పుడు తగ్గిపోతోంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 రూపం ప్రో కంప్యూటర్లలో ఆ గెస్ట్ దారిని మామూలుగానే మూసేసింది. మంచి నిర్ణయం.

పదిహేను అక్షరాల రహస్యం

నెట్‌వర్క్‌లో మీ కంప్యూటర్ పేరు డెస్క్‌టాప్ అన్న ఇంగ్లీషు మాట, ఒక గీత, తర్వాత అర్థం లేని ఏడు అక్షరాలుగా కనిపించిందా? లెక్కపెట్టండి. డెస్క్‌టాప్‌కి ఏడు, గీతకి ఒకటి, ఆ తర్వాత ఏడు. మొత్తం 15. ఇది యాదృచ్ఛికం కాదు. 1983లో ఐబీఎం కోసం సైటెక్ అనే సంస్థ తయారుచేసిన నెట్‌బయోస్ పద్ధతిలో పేరుకి 16 బైట్లు ఉండేవి. పదహారోది ఆ యంత్రం ఏ సేవ అందిస్తోందో చెప్పడానికి వాడుకునేవారు. పేరుకి మిగిలింది 15. ఆ హద్దు నేటి విండోస్‌లోనూ బతికే ఉంది. సెట్టింగ్స్‌లో రీనేమ్ చేసుకుని గుర్తుండే పేరు పెట్టుకుంటే, ఫోన్లో వెతుక్కునే శ్రమ పోతుంది.

*

యాపిల్ మ్యాక్‌లో నెట్‌వర్క్ తెరిస్తే, అందులో కనిపించే విండోస్ కంప్యూటర్‌కి గుర్తుగా ఒక పాత డబ్బా మానిటర్ బొమ్మ ఉంటుంది. దాని తెర మీద ఉన్నది విండోస్ మొరాయించినప్పుడు ఏళ్లపాటు వచ్చిన నీలి తెర! ఇంత పోటీ ఉన్నా, 2013లో వచ్చిన మ్యావరిక్స్ రూపం నుంచి మ్యాక్ కూడా తన పాత పద్ధతిని పక్కనపెట్టి ఎస్ఎంబీనే మొదటి ఎంపికగా చేసుకుంది. అందువల్ల మ్యాక్‌లోని ఫోల్డర్‌ని కూడా ఆండ్రాయిడ్ ఫోన్లో ఇదే దారిన తెరవొచ్చు.

వంద అంటే వంద కాదు

రౌటర్ వాళ్లు, బ్రాడ్‌బ్యాండ్ వాళ్లు వేగాన్ని బిట్లలో చెబుతారు. ఫైలు పరిమాణం బైట్లలో ఉంటుంది. ఒక బైట్‌కి ఎనిమిది బిట్లు. సెకనుకి 100 మెగాబిట్ల వేగమంటే నిజానికి 12.5 మెగాబైట్లు. 1.4 జీబీ సినిమా ఆ వేగంతో దిగడానికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది.

పట్టించుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ ఒకే బ్యాండ్‌లో వైఫై మీదే ఉంటే, ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి. ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కి ఒకసారి, రౌటర్ నుంచి ఫోన్‌కి ఇంకోసారి. ఒక ఛానెల్‌లో ఒకే సమయంలో ఒకరే మాట్లాడాలి కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. కంప్యూటర్‌ని లాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలిపి చూడండి, తేడా కళ్లకి కనిపిస్తుంది. ఖరీదైన కొత్త రౌటర్ కొనాలా అని అడిగేవాళ్లకి నా జవాబు ఒక్కటే, ముందు కేబుల్ వేయండి.

రౌటర్‌లో 2.4, 5 అని రెండు పేర్లు కనిపిస్తే అవి గిగాహెర్ట్జ్ లెక్కలు. 2.4 దూరం పోతుంది, మన ఇళ్ల ఇటుక గోడల్ని కాస్త మెరుగ్గా దాటుతుంది. 5 వేగంగా ఉంటుంది కానీ గోడ అడ్డమొస్తే నీరసపడుతుంది. సినిమా చూసే గదిలోనే రౌటర్ ఉంటే 5కి కలవండి. వంటింట్లో మైక్రోవేవ్ తిరుగుతున్నప్పుడు 2.4 మీద బొమ్మ ఆగి ఆగి వస్తే ఆశ్చర్యపోకండి. ఆ ఓవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర. దాని తలుపు సందుల్లోంచి వచ్చే కొద్దిపాటి తరంగాలు మనిషికి హాని చేసేంతవి కావు, వైఫైకి అడ్డుపడటానికి మాత్రం చాలు.

మన దేశంలో 2.4 బ్యాండ్‌ని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి ప్రభుత్వం 2005లో అనుమతించింది. ఈరోజు ఇంటింటా రౌటర్ పెట్టుకోగలుగుతున్నామంటే దానికి వేసిన పునాదుల్లో అదొకటి.

సినిమాని దించుకోనక్కర్లేదు

ఫోన్లో ఖాళీ లేదని బాధపడేవాళ్ల కోసం ఈ ముక్క. షేర్ ఫోల్డర్లోని సినిమాని కాపీ చేయకుండానే చూడొచ్చు. ఫోన్ కొంచెం కొంచెంగా తెచ్చుకుని ఆడిస్తుంది, చూశాక ఫోన్లో ఏమీ మిగలదు. వీఎల్‌సీలో బ్రౌజ్ నొక్కి లోకల్ నెట్‌వర్క్‌లో వెతికితే మీ కంప్యూటర్ కనిపిస్తుంది. ఐఫోన్‌లో అయితే ఇలాంటి యాప్‌లు ‘లోకల్ నెట్‌వర్క్’ అనుమతి అడుగుతాయి. 2020లో ఐఓఎస్ 14తో వచ్చిన నియమం ఇది. అక్కడ వద్దని నొక్కితే ఎంత వెతికినా ఏదీ కనిపించదు.

వీఎల్‌సీ పుట్టుకే ఇలాంటి పనికోసం జరిగింది. 1996లో ఎకోల్ సెంట్రాల్ పారిస్ అనే విద్యాసంస్థ విద్యార్థులు తమ క్యాంపస్ నెట్‌వర్క్ మీద వీడియో పంపడానికి వీడియోలాన్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. పంపే ప్రోగ్రామ్ ఒకటి, అందుకుని ఆడించే ప్రోగ్రామ్ ఒకటి. ఆ రెండోదే వీఎల్‌సీ. 2001లో దాన్ని అందరికీ స్వేచ్ఛగా వదిలారు. హాస్టల్ గదుల మధ్య వీడియో పంపడానికి మొదలైనది ఇప్పుడు మన హాలుకీ పడకగదికీ మధ్య అదే పని చేస్తోంది.

పెన్‌డ్రైవ్‌కి ఎక్కని పెద్ద సినిమాకి కూడా ఇదే దారి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా 4 జీబీ దాటిన ఒక్క ఫైలు పట్టదు. నెట్‌వర్క్ షేర్‌కి అలాంటి హద్దు లేదు.

తెలుగు పేరు పెట్టిన ఫైలు

ఫోల్డర్లకీ ఫైళ్లకీ తెలుగులో పేర్లు పెట్టండి, నిరభ్యంతరంగా. అన్ని భాషల లిపులకూ చోటున్న యూనికోడ్ పద్ధతిని ఎస్ఎంబీ మోసుకెళ్తుంది కాబట్టి కంప్యూటర్లో ఉన్న పేరు ఫోన్లోనూ అలాగే కనిపిస్తుంది. ఒక్క చోట మాత్రం చిక్కొస్తుంది, మరీ పొడవైన పేరు దగ్గర.

విండోస్‌లో ఫైలు పేరుకి హద్దు 255 యూనికోడ్ గుర్తులు. ఆండ్రాయిడ్‌లో, లినక్స్‌లో అది 255 బైట్లు. ఇంగ్లీషు అక్షరం ఒక్కోటి ఒక బైట్ తింటుంది కాబట్టి అక్కడ రెండూ ఒకటే. తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది. అంటే ఫోన్లో మనకి దక్కేవి 85 గుర్తులు. అవీ మనం పలికే అక్షరాలు కావు. ‘పెళ్లి’లో మన లెక్కకి అక్షరాలు రెండు. కంప్యూటర్‌కి అవి ప, ఎత్వం, ళ, పొల్లు, ల, గుడి కలిపి ఆరు గుర్తులు, 18 బైట్లు. కాబట్టి ‘చిన్నక్క పెళ్లి రిసెప్షన్‌లో బంధువులతో దిగిన’ అంటూ వరస తప్పకుండా పేరు రాసుకుంటూ పోతే, విండోస్‌లో హాయిగా ఉన్న ఫైలు ఫోన్లోకి కాపీ కానంటుంది. అలాంటప్పుడు ఫోన్ పాడైందని అనుకోకండి, పేరు కుదించండి.

అను ఫాంట్లతో టైపు చేసిన పాత ఫైళ్ల సంగతి వేరు. డీటీపీ వాళ్ల దగ్గర చేయించిన శుభలేఖలు, తాతగారి వ్యాసాలు చాలా ఇళ్లలో అలాగే ఉన్నాయి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని ఫోన్లో తెరిస్తే అర్థం కాని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. ఫాంట్ ఉన్న కంప్యూటర్లోనే వాటిని పీడీఎఫ్‌గా మార్చి షేర్ ఫోల్డర్లో పెట్టండి. పీడీఎఫ్ తనలో ఫాంట్‌ని దాచుకుంటుంది కాబట్టి ఏ ఫోన్లోనైనా చక్కగా కనిపిస్తుంది. ఆ ఫాంటూ, దాన్ని నడిపే కంప్యూటరూ మూలపడకముందే ఈ పని చేయడం చాలా అవసరం.

ఎదురు దారిలో ఒక భారతీయుడు

ఇప్పటిదాకా కంప్యూటర్ నుంచి ఫోన్‌కి. ఫోన్లోని ఫైళ్లని కంప్యూటర్లో చూడాలంటే? చాలా ఫైల్ మేనేజర్ యాప్‌లలో ఎఫ్‌టీపీ అన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే ఫోనే ఒక సర్వర్‌గా మారి, ఒక చిరునామా చూపిస్తుంది. దాన్ని కంప్యూటర్లోని ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కొడితే ఫోన్లోని ఫోల్డర్లు తెరుచుకుంటాయి.

ఈ ఎఫ్‌టీపీ నియమాలను మొదట రాసింది అభయ్ భూషణ్. ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ విద్యార్థి. అమెరికాలో ఎంఐటీలో ఉండగా 1971 ఏప్రిల్ 16న ఆర్ఎఫ్‌సీ 114గా దాన్ని వెలువరించారు. అప్పటికి ఇంటర్నెట్ అన్నదే లేదు, దాని పూర్వరూపం అర్పానెట్ మాత్రమే ఉంది. అయిదు దశాబ్దాలు దాటినా ఆ మీట మన ఫోన్లలో ఉంది. అయితే ఒక హెచ్చరిక. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ సహా అంతా బహిరంగంగా పోతుంది. ఇంట్లో వాడుకోండి, పని అవగానే ఆపేయండి. బయటి వైఫైలో వద్దు.

కొత్తగా అయితే లోకల్‌సెండ్ అనే ఉచిత యాప్ ఉంది. ఫోన్, కంప్యూటర్ రెండింటిలోనూ వేసుకుంటే, అదే వైఫైలో గుప్తీకరించి పంపుతుంది.

తలుపు గడియ సంగతి

2017 మే 12, శుక్రవారం. వానాక్రై అనే దుష్ట ప్రోగ్రామ్ ప్రపంచమంతా పాకింది. కంప్యూటర్లలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగింది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. బ్రిటన్ ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకిన దారి ఏదనుకుంటున్నారు? ఎస్ఎంబీ పాత రూపమైన ఎస్ఎంబీ1లోని లోపం. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. దాడికి దాదాపు రెండు నెలల ముందు! అప్‌డేట్ వేసుకోని యంత్రాలే బలయ్యాయి.

ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన రూపం నుంచి విండోస్ 10 కొత్తగా వేసిన కంప్యూటర్లలో ఎస్ఎంబీ1 మామూలుగా ఉండటం లేదు. పాత రౌటర్లు, పాత స్టోరేజ్ పెట్టెలు కొన్ని దాన్నే అడుగుతాయి. ‘ఎస్ఎంబీ1ని మళ్లీ ఆన్ చేసుకోండి, పనైపోతుంది’ అని సలహా ఇచ్చేవాళ్లు కనిపిస్తారు. వినకండి. ఆ పాత పెట్టెని మార్చండి, లేదా దాంట్లోని డిస్కుని తీసి కంప్యూటర్‌కే పెట్టుకోండి.

అలాగే 445 అన్న పోర్టుని రౌటర్‌లో బయటికి తెరవమని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. ఎస్ఎంబీ నడిచేది దాని మీదే. అది ఇంటి లోపలి తలుపు, వీధిలోకి తెరిచేది కాదు. పిల్లలు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉండి విజయవాడ ఇంట్లోని ఫోటోలు చూడాలంటే, వీపీఎన్ పెట్టుకోవడమే సరైన పద్ధతి. అప్పుడు వాళ్ల ఫోన్ గుప్తమైన దారిలో మీ ఇంటి నెట్‌వర్క్‌లోకి వస్తుంది.

*

ఒకప్పుడు మన దగ్గర ఫోన్లన్నిటిలో కనిపించిన ఈఎస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ గుర్తుందా? అదే వైఫైలో ఉన్న ఎవరైనా ఆ యాప్ ఉన్న ఫోన్లోని ఫైళ్లని తీసుకోగలిగే లోపం అందులో ఉందని 2019 జనవరిలో బయటపడింది. అదే ఏడాది ప్లే స్టోర్ నుంచి ఆ యాప్ పోయింది. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో షేర్‌ఇట్, జెండర్‌తో పాటు అదీ ఉంది. పాత ఫోన్లో ఇంకా ఉంటే తీసేయండి.

హాస్టల్ వైఫై ఇంటి వైఫై కాదు

అమీర్‌పేటలోనో మాదాపూర్‌లోనో హాస్టల్లో ఉంటున్న పిల్లలకి ఈ మాట. ఒకే పాస్‌వర్డ్‌తో వందమంది వాడే వైఫైలో మీ ల్యాప్‌టాప్ ‘ప్రైవేట్’లో ఉందంటే, మీరు షేర్ చేసిన ఫోల్డర్ పేర్లు మిగతా గదులవాళ్లకీ కనిపించవచ్చు. అక్కడ పబ్లిక్‌కి మార్చండి. హోటళ్లలో, రైల్వే స్టేషన్లలో కూడా అంతే.

ఇంటికొచ్చిన చుట్టాలకి అసలు వైఫై పాస్‌వర్డ్ ఇవ్వకుండా, రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి ఇవ్వొచ్చు. వాళ్లకి ఇంటర్నెట్ వస్తుంది, మీ కంప్యూటర్ కనిపించదు. దీనికి మరో వైపు కూడా ఉంది. మీ ఫోనే పొరపాటున గెస్ట్ వైఫైకి కలిసి ఉంటే మీ ఫోల్డర్ మీకే దొరకదు.

నిన్న వచ్చింది, ఇవాళ రాదు

రెండు కారణాలు ఎక్కువ. ఒకటి, కంప్యూటర్ నిద్రలోకి వెళ్లి ఉంటుంది. నిద్రపోయే యంత్రం ఫైలు ఇవ్వదు. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ సమయం పెంచండి. లాన్ కేబుల్‌తో ఉన్న కంప్యూటర్లని ఫోన్ నుంచే లేపే ఏర్పాటూ ఉంది, వేక్ ఆన్ లాన్ అంటారు. ఫోన్ పంపే ఆ మేలుకొలుపులో 102 బైట్లుంటాయి. మొదట ఒకే రకం బైట్లు ఆరు, తర్వాత ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు పదహారుసార్లు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే బయోస్ సెట్టింగ్స్‌లో ఆ సదుపాయం ఆన్ చేసి ఉండాలి.

రెండోది, రౌటర్ మీ కంప్యూటర్‌కి ఇవాళ వేరే అంకె ఇచ్చి ఉంటుంది. నిన్నటి .5 ఇవాళ .8 కావొచ్చు. రౌటర్ సెట్టింగ్స్‌లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది. అందులో మీ కంప్యూటర్‌కి ఒక అంకె ఖాయం చేస్తే ఈ బాధ తీరుతుంది.

చివరగా ఒక విన్నపం. ఫోల్డర్ నాలుగు ఫోన్లలో కనిపిస్తోందంటే ఫోటోలు నాలుగు చోట్ల ఉన్నాయని కాదు. ఉన్నది ఇప్పటికీ ఒక్క హార్డ్‌డిస్క్‌లోనే. అది పోతే అన్ని ఫోన్లలోంచీ ఒకేసారి పోతాయి. కాబట్టి షేర్ నొక్కే ముందే ఆ ఫోల్డర్‌ని ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్‌ని కంప్యూటర్ నుంచి విడదీసి భద్రపరచండి. అది అయ్యాకే అమ్మమ్మ ఫోన్లో ఆల్బమ్ తెరిచి ఇవ్వండి.